ఛాంపియన్‌కి ఒక వీపు కావాలి

మా మేనేజరు కుర్చీ వెనక గోడకు ఒక ఫోటో ఉండేది. వాకిలి తలుపంత ఫోటో. దాన్ని మోయడానికి మేకు చాలక గునపం దిగ్గొట్టారని మావాళ్ళు చెప్పుకునేవారు. అందులో మా మేనేజరు ఆకాశంలో ఉంటాడు. చేతుల్లేని బనీను, బడిపిల్లాడి దగ్గర అరువు తెచ్చినంత పొట్టి నిక్కరు, రెండు అరచేతుల మధ్య కోడిగుడ్డు ఆకారంలో ఒక బంతి, మొహం మీద దేవుడి పక్క సీటు రిజర్వు చేయించుకున్నవాడి చిరునవ్వు. మోకాళ్ళు మాత్రం ఇంకొకడి భుజాల మీద ఉంటాయి. ఆ ఇంకొకడికి మొహం లేదు. వీపు ఉంది, వీపు మీద ఒక నంబరు ఉంది, అంతే.

"కింద ఉన్నాయన ఎవరు సార్?" అని డ్రైవరుగా చేరిన కొత్తలో అడిగాను.

ఆయన కుర్చీలో వెనక్కి తిరిగి ఆ కిందివాణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఎవడో," అన్నాడు. "నిచ్చెన."

ఆస్ట్రేలియావాళ్ళ ఆటలో ఒకడు ఎగరడానికి వీపు ఇచ్చినవాణ్ణి నిచ్చెన అనే అంటారట. నిచ్చెనలకు పేర్లుండవు కదా.

అది తొంభైల నాటి దోహా. అప్పటికి నేను బి.ఏ. మూడుసార్లు ఫెయిలై, ఇంగ్లీషులో తిట్లు అర్థం చేసుకోగల డ్రైవరు కావాలన్న ఆ కంపెనీకి సరిగ్గా సరిపోయాను. మేనేజరు కాపురం అల్ ముంతజాలో ఒక విల్లా మేడ మీద. మా సైటేమో ఉత్తరాన అల్ రువైస్ రేవు దగ్గర. పొద్దున్నే ఆయన్ని ఎక్కించుకుని ఆ రోడ్డు మీద పడితే, రెండు పక్కలా ఇసుక, పైన ఎండ, పక్క సీట్లో ఆయన జీవితచరిత్ర. ఇసుకకు ఎక్కడో ఒకచోట సముద్రం అడ్డొచ్చేది. ఆ చరిత్రకు ఏదీ అడ్డొచ్చేది కాదు.

ఆ ఆట సంగతి ముందు చెప్పాలి. మనం ఫుట్‌బాల్ అనుకునేది కాదది. బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు, బంతి అందకపోతే పక్కవాణ్ణి గుద్దొచ్చు. మైదానం ఒక మోస్తరు మండలం అంత ఉంటుంది. గోలు దగ్గర వల ఉండదు, వరసగా నాలుగు స్తంభాలు ఉంటాయి. నడిమి రెంటి మధ్య తంతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే దానికీ ఒక పాయింటు ఇస్తారు. గురి తప్పినందుకు మార్కులిచ్చే పద్ధతి మా యూనివర్సిటీలో ఉండి ఉంటే నేను ఈపాటికి కలెక్టరుగా రిటైరయ్యేవాణ్ణి. ఆటకంతటికీ అందమైన ఘట్టం మాత్రం వేరే ఉంది. బంతి ఎక్కడినుంచో ఎత్తుగా వస్తుంటే ఒకడు వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, ముందున్నవాడి వీపు మీద మోకాలు ఆనించి, గాలిలోకి లేచి దాన్ని పట్టుకోవడం. అలా పట్టుకుంటే ఆట ఆగి, బంతి వాడిదైపోతుంది. జనం ఆ క్షణం కోసమే టిక్కెట్టు కొంటారు.

మా మేనేజరు ఆ ఎగరడంలో ఛాంపియన్. పాలగేదెల మధ్య పెరిగి, గాలిమర మీదుగా బంతి తన్నడం నేర్చాడు. మీసం రాకముందే మెల్బోర్న్‌వాళ్ళు వచ్చి దూడను తోలుకుపోయినట్టు తోలుకుపోయారు. మొదటి ఆటలోనే ఎవరిదో మోచెయ్యి తగిలి రెండు పళ్ళు ఊడితే, వాటిని ఆ మోచేతివాడి మొహం మీదే ఉమ్మి, పోయి గోలు కొట్టాడు. ఫైనలుకు లక్షమంది వచ్చారు. ఆయన ఎగిరితే లక్షమంది మెడలు ఒక్కసారి పైకి లేచేవట. ఆ ఏడు కప్పు వాళ్ళదే. వీధిలో నడిస్తే తల్లులు పసిపిల్లల్ని తెచ్చి నెత్తిన సంతకం పెట్టించుకునేవారట. ఇదంతా రోజుకు కాస్త కాస్త పెరుగుతూ ఉండేది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో మా బ్యాచిలర్ల విల్లాకు చేరేసరికి నేను ఇంకాస్త పెంచేవాణ్ణి. మేము మోసే మోతకు ఆయన ఒకానొక ఆటలో విమానం చక్రం ముట్టుకుని వచ్చాడు.

ఒక్క పతకం మాత్రం ఆయనకు దక్కలేదు. ఏడాది మొత్తంలో ఉత్తమ ఆటగాడికి అంపైర్లు ఓట్లేసి ఇచ్చే పతకమది. ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి. కానీ షరతు ఒకటుంది. ఉత్తముడైతే చాలదు, మర్యాదస్తుడు కూడా అయి ఉండాలి. ఆ ఏడు ఆయన ఒకడి దవడ విరగ్గొట్టి కొన్ని ఆటలు సస్పెండయ్యాడు కాబట్టి పతకం రెండోవాడి మెడలో పడింది.

"ఆట బాగా ఆడాలట, మర్యాదగానూ ఆడాలట," అనేవాడు, కారు కిటికీలోంచి ఇసుకలోకి ఉమ్మి. "రెండూ ఒకే మనిషిలో ఎక్కడ దొరుకుతాయి? నువ్వెక్కడైనా చూశావా?"

"మా అత్తగారు సార్," అనేవాణ్ణి. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు.

ఆ తరవాత మోకాలు పోయింది. ఎగిరి దిగేటప్పుడు తాడు తెగినట్టు లోపల ఏదో తెగిందట. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న క్లబ్బు ఫోనులో రెండు మాటలు చెప్పి వదిలేసింది. ఆయన పేరు పెట్టి నడిపిన సారా దుకాణం మూతపడింది. భార్య, ఆయన నోటితోనే చెప్పాలంటే, పతకం వచ్చిన రెండోవాడి లాంటి మర్యాదస్తుణ్ణి చూసుకుంది. అలా మునిగిన ఓడల్లోంచి తేలిన చెక్కలన్నీ కొట్టుకొచ్చే తీరానికే ఆయనా కొట్టుకొచ్చాడు. మేమందరం అలా వచ్చినవాళ్ళమే. కాకపోతే మా ఓడల్ని ఎవరూ ఫోటోలు తియ్యలేదు.

ఛాంపియన్లకు జనం చప్పట్లు అలవాటైపోతాయి. ఆయనకిక్కడ చప్పట్లు లేవు కాబట్టి భయంతో సరిపెట్టుకున్నాడు. పొద్దున్న వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చే మనిషి మీదికి కోలబంతిని ఉన్నట్టుండి తన్నేవాడు. పట్టుకున్నవాడు టీకి పోవచ్చు. జారవిడిచినవాడు ఆ పూట గ్రీజు డ్రమ్ములు కడగాలి. ఆ బంతి నేలను తాకితే ఏ దిక్కుకు పోతుందో దాన్ని కుట్టినవాడికే తెలియదు. టిఫిను క్యారియరు ఒక చేత్తో, నిద్రమొహం మరో చేత్తో మోసుకొచ్చే పాకిస్తానీ ఎలక్ట్రీషియన్లు, నేపాలీ కూలీలు, మన కడపవాళ్ళు ఆ బంతి వెనక గంతులేస్తుంటే ఆయన కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. పడ్డది మనం కానప్పుడు పడ్డవాణ్ణి చూసి నవ్వడం కంపెనీలో జీతంతోపాటు వచ్చే ఒకే ఒక్క అలవెన్సు.

ఆ బంతిని ఒక్కసారీ జారవిడవనివాడు మా విల్లాలో ఉండే వెల్డింగ్ ఫోర్‌మన్. ఊరు బందరు. పట్టుకోవడం అతని గొప్ప కాదు. బంతికి అతన్ని దాటి పోయే సందు ఉండేది కాదు. అంత మనిషి. ఆ వీపు మీద ఎకరం నారు ఊడ్చొచ్చు. బస్సులో ముందు నిలబడితే వెనక సీట్లవాళ్ళు సాయంత్రమైందనుకుని టిఫిన్లు సర్దుకునేవారు. అయితే ఆ దేహమంతా మర్యాదే. శుక్రవారాలు ఒక విల్లా హాల్లో కృష్ణా, గోదావరివాళ్ళ ప్రార్థన జరిగేది. తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు దారి ఇచ్చే పని అతనిది. ఒక అడుగు పక్కకు వేసి, కుడిచెయ్యి లోపలికి చాచి, నడుము వంచి, "రండి అయ్యగారూ, రండమ్మా" అనేవాడు. అది అతనికి ఎముకల్లోకి దిగిపోయింది. వెనక ఎవరి అడుగుల చప్పుడు వినపడినా సరే, విల్లా నడవలో, కంపెనీ బస్సులో, చివరికి కక్కూసు ముందు వరసలో కూడా పక్కకు జరిగి చెయ్యి చాచేవాడు.

అతనికి పెళ్ళయి రెండేళ్ళు. కాపురం చేసింది నెల. మిగతాదంతా ఫోను కార్డుల మీద. ఫోర్‌మన్ కాబట్టి భార్యను తెచ్చుకోవడానికి అర్హత ఉంది. మేనేజరు సిఫార్సు కాగితం మీద సంతకం పెడితే పనవుతుంది. ఆ సంతకం కోసం ఆర్నెల్లుగా తిరుగుతున్నాడు. నమ్మకం మాత్రం ఎంతంటే, విల్లా వెనకవైపు విడి గది మాట్లాడేసుకుని, మిక్సీ కూడా కొనేశాడు. అట్టపెట్టె విప్పలేదు. సాయంత్రాలు దాని మీదే కూర్చునేవాడు.

మా మెస్సులో వండే రాయచోటి వంటాయనకు ఆ మిక్సీ పెట్టె కనబడితే చాలు, నాలిక దురద పెట్టేది.

"ఏమబ్బా, ఆ పెట్టె మింద అట్ల కూచుంటే లోపలుండే మిక్సీ పొదిగి పిల్లలు జేస్తాదనుకుంటాండావా?"

"మూత తియ్యకూడదని మా ఇంటిది చెప్పింది లెండి. తనొచ్చి తీస్తదంట," అనేవాడు బందరాయన.

"ఆయమ్మ వొచ్చేసరికి మిక్సీ గారంటీ అయిపోతాది. నీది కూడా."

విల్లా అంతా పడీ పడీ నవ్వేది. ఆయనా నవ్వేవాడు, పెట్టె మీద ఇంకాస్త జాగ్రత్తగా సర్దుకుని.

ఇలా ఉండగా మెల్బోర్న్ పత్రికాయన ఒకడు యూరపు పోతూ దోహాలో దిగుతున్నాడని కబురొచ్చింది. ఒకప్పటి వీరులు ఇప్పుడేం చేస్తున్నారో రాస్తాడట. మా మేనేజరు ఆ వారమంతా అద్దం ముందే డ్యూటీ చేశాడు. పత్రికాయన వచ్చే శుక్రవారానికి దుబాయ్ నుంచి ఆస్ట్రేలియావాళ్ళ జట్టునొకదాన్ని పిలిపించాడు. ఎయిర్‌పోర్టు అవతల గులకనేల చదును చేయించి, మా వర్క్‌షాపు పైపులతో నాలుగు స్తంభాలు పాతించాడు. అన్నీ సిద్ధం. ఫోటోలో పైనుండేవాడు సిద్ధం. కిందుండేవాడే లేడు. తోటి ఆస్ట్రేలియావాళ్ళను అడిగితే ఒక్కడూ వీపు చూపించలేదు. వాళ్ళకు ఆ ఆట తెలుసు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బందరాయన యథాప్రకారం కాగితం పట్టుకుని మేనేజరు గదికి వచ్చాడు. నేను తాళాలకోసం అక్కడే ఉన్నాను. మేనేజరు కాగితం చూడలేదు.

"వెనక్కి తిరుగు," అన్నాడు.

తిరిగాడు. గదిలో వెలుతురు తగ్గింది. మేనేజరు లేచొచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు ఆ వీపును రెండు చేతులా తట్టి చూశాడు.

"శుక్రవారం నువ్వు నా ముందు నిలబడతావు. బంతి వంక చూస్తూ నిలబడతావు. నేను వచ్చి ఎక్కుతాను. శనివారం నీ పెళ్ళాం కాగితం మీద సంతకం."

"అంతేనా సార్?"

"అంతే. కదలకూడదు. చెట్టు కదులుతుందా?"

బందరాయన ఆనందానికి నేను అనువాదం చెప్పక్కర్లేకపోయింది. దారంతా నా భుజం పట్టుకుని, "బ్రదర్, ఊరికే నిలబడితే సంతకమంట! ప్రభువు ఎట్టాటి దారి తెరిచాడో చూశావా!" అన్నాడు. ఆ రాత్రి మిక్సీ పెట్టె మీద దుమ్ము తుడిచాడు.

వర్క్‌షాపు పెరట్లో మూడు రోజులు రిహార్సలు జరిగింది. నేను బంతి విసిరేవాణ్ణి. బందరాయన నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడేవాడు. మేనేజరు మోకాలును శుక్రవారం కోసం దాచుకుంటున్నాడు కాబట్టి పరిగెత్తలేదు, ఎగరలేదు. మెల్లగా నడిచొచ్చి, ఆ వీపు మీద అరచెయ్యి ఆనించి, "భేష్" అనేవాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. బందరాయన నిజంగానే చెట్టులా నిలబడ్డాడు.

శుక్రవారం వచ్చింది. ఎండ గురించి చెబితే అతిశయోక్తి అంటారు గానీ, ఆ పూట మా నీడలు కూడా మమ్మల్ని వదిలి బస్సు కిందికి పోయి కూర్చున్నాయి. దుబాయ్ జట్టు వచ్చింది. మా జట్టులో ఆస్ట్రేలియావాళ్ళు చాలక ఇద్దరు ఐర్లండువాళ్ళనీ, ఒక లెబనాను గుమాస్తానీ కలిపారు. మైదానం చుట్టూ మా కంపెనీ జనం. సెలవు రోజున రావడం ఇష్టమై వచ్చినవాళ్ళు కారు. రాకపోతే గ్రీజు డ్రమ్ములు. మేనేజరు పాత నంబరు బనీనులో దిగాడు. మెల్బోర్న్‌లో ఉన్నప్పుడు అది ఆయనకు సరిపోయి ఉండాలి. దోహాలో పొట్ట దగ్గర అది రాజీనామా ఇచ్చేసింది.

ఆట మొదలై చాలాసేపు ఆయన పరిగెత్తలేదు. మూల నిలబడి అరిచాడు, ఇద్దర్ని తిట్టాడు, ఒకడికి మోచెయ్యి రుచి చూపించాడు. పత్రికాయన కెమెరా సర్దుకున్నాక చెయ్యి ఊపాడు. మా జట్టు యువ ఇంజనీరు, అతనూ ఆస్ట్రేలియావాడే, బంతిని అవతలినుంచి ఆకాశంలోకి తన్నాడు. బందరాయన తనకు చెప్పిన చోట నిలబడి, నోరు తెరిచి పైకి చూశాడు. మేనేజరు పరుగందుకున్నాడు.

రిహార్సల్లో పరుగు లేదు. అరుపూ లేదు. ఆ ఆటలో ఎగరబోయేవాడు బంతి తనదని గొంతు చించుకుని అరుస్తాడు. మా మేనేజరు అల్ రువైస్ రేవులో పడవలు కట్టు తెంచుకునేలా అరిచాడు. గులక మీద బూట్ల చప్పుడు దడదడమంది. బందరాయన వెనక్కి చూశాడు. పెద్దాయన. పరుగెత్తుకుని. తన వైపే.

ఒక అడుగు పక్కకు వేశాడు. నడుము వంచాడు. కుడిచెయ్యి చాచాడు.

"రండి సార్."

మా ఛాంపియన్ అప్పటికే గాలిలోకి లేచాడు. మోకాలు ఒక వీపును వెతుక్కుంది. వీపు ఉండవలసిన చోట ఖతార్ దేశపు గాలి ఉంది. కాసేపు, నా లెక్కలో ఒక ఆదివారం పొడుగునా, ఆయన అలా బల్లపరుపుగా ఉండిపోయాడు, తిరునాళ్ళలో రంగులరాట్నం మీంచి జారినవాడిలా. తరవాత నేల ఆయన్ని పట్టుకుంది. ఆ దెబ్బకు దేశం ఒక అంగుళం సముద్రంలోకి దిగింది. బంతి వచ్చి ఆయన వీపు మీద పడి, బుద్ధిగా అక్కడే ఆగింది. అది ఏ దిక్కుకూ పోకపోవడం నేను చూడటం అదొక్కసారే.

తరవాత జనంలో ఎక్కడో ఒక ఈల మోగింది. దాని వెనక చప్పట్లు. నేపాలీలు, పాకిస్తానీలు, కడప, కరీంనగర్, అందరివీ. గేటు దగ్గర జారిన ప్రతి బంతికీ ఒక చప్పట చొప్పున. ఎన్నేళ్ళ తరవాతో ఆయనకు మైదానంలో చప్పట్లు దక్కాయి. ఆయన మూలుగు వాటిలో కలిసిపోయింది.

పత్రికాయన ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. గాలిలో పడుకున్న ఛాంపియన్, పక్కనే పెళ్ళి భోజనాలకు దారి చూపిస్తున్నట్టు చెయ్యి చాచిన మా బందరాయన. మెల్బోర్న్ పత్రికలో అరపేజీ వేశారు. యువ ఇంజనీరు దాన్ని ఆఫీసంతా పంచిపెట్టాడు.

ఆట జరిగిన సాయంత్రం విల్లాలో బందరాయన మిక్సీ పెట్టె మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"కాదప్పా," అన్నాడు వంటాయన, ఉల్లిపాయలు కోస్తూ, "చెట్టు మాదిరి నిలబడుకోమంటే తలుపు మాదిరి తెరుచుకుంటివే! ఏం మనిషివి నువ్వు?"

"పెద్దాయన ఎనకమాల అరుచుకుంటా పరిగెత్తుకొస్తంటే అడ్డంగా ఎట్టా నిలబడతామండీ? మర్యాద కాదుగా."

"మర్యాదకి మోకాలు రెండు తునకలైందంట. ఇంగ నీ సంతకం..." అని వంటాయన ఒక ఉల్లిపాయను అడ్డంగా నరికి చూపించాడు.

మోకాలు మళ్ళీ పోయింది. ఈసారి పాత తాడు కాదు, కొత్త ఎముక. తొడ దాకా పిండికట్టు వేశారు. కంపెనీ పద్ధతి మెల్బోర్న్ క్లబ్బు పద్ధతే. సైటులో నడవలేని మేనేజరు ఎందుకని లెక్క తేల్చి, విమానం టిక్కెట్టు చేతిలో పెట్టింది. ఆసుపత్రికి ఒక్క పువ్వు వెళ్ళలేదు. ఆయన కుర్చీలోకి యువ ఇంజనీరు మారాడు. పెద్ద ఫోటోను గోడ మీదినుంచి దింపి పాత టైర్ల పక్కన నిలబెట్టారు. గునపం మాత్రం పీకలేదు.

ప్రయాణం రోజు నేను కారు తీసుకుని ముంతజా వెళ్ళాను. మేడ మీదినుంచి ఆ పిండికట్టును దించడానికి మనిషి కావాలి. కంపెనీలో ఆ పనికి తగ్గ వీపు ఒక్కటే. బందరాయన వచ్చాడు, జేబులో మడత పెట్టిన కాగితంతో.

మేనేజరు తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి అతన్ని చాలాసేపు చూశాడు.

"నువ్వా," అన్నాడు. "ఈసారి కదలవు కదా?"

"లేదు సార్."

ఎక్కించుకున్నాడు. మెట్ల మలుపులో నేను పిండికట్టు పట్టుకున్నాను. ఛాంపియన్ చేతులు బందరాయన మెడ చుట్టూ, గెడ్డం అతని నెత్తి మీద. ఆ ఫోటోలో ఉన్నట్టే, కాకపోతే చిరునవ్వు లేదు. కిందివాడి మొహం మాత్రం ఈసారి నాకు కనబడుతోంది. చిరునవ్వు ఈసారి ఆ చెమట మొహానిదే.

మలుపు దగ్గర బందరాయన ఆగాడు. "సార్, మా ఇంటిదాని కాగితం..."

"నన్ను మెట్ల మీద నిలబెట్టి అడుగుతున్నావా?"

"నిలబెట్టలేదు సార్. మోస్తన్నా."

మేనేజరు నవ్వాడు. గేటు దగ్గర బంతి జారినప్పుడు నవ్వే నవ్వది. "కిందికి పద, పెడతాను," అన్నాడు.

కింది మెట్టు మీద కూర్చోబెట్టాం. ఆయన పెన్ను తీసి, "వెనక్కి తిరుగు, వంగు," అన్నాడు. బందరాయన వంగాడు. ఛాంపియన్ ఆ వీపు మీద కాగితం పరిచి సంతకం పెట్టాడు. పెన్ను ఈ భుజం నుంచి ఆ భుజం దాకా సాగింది. బందరాయన కళ్ళు మూసుకున్నాడు, తలమీద చెయ్యేసి దీవిస్తున్నప్పుడు మూసుకున్నట్టు. కాగితం చూడకుండానే నాలుగు మడతలు పెట్టి గుండె జేబులో దాచుకుని, మా ఛాంపియన్‌ను మళ్ళీ మోసి, కారు సీట్లో గుడ్డులా పెట్టాడు.

ఎయిర్‌పోర్టు దారిలో ఆయన అద్దంలోంచి నా వంక చూశాడు.

"ఆ సంతకం కోసం ఒకప్పుడు పిల్లలు కంచెలు దూకేవాళ్ళు," అన్నాడు. "మీవాడికి చెప్పు, జాగ్రత్తగా దాచుకోమని."

నేను అది ప్రేమ అనుకున్నాను. చక్రాల కుర్చీలో ఆయన లోపలికి పోతుంటే చెయ్యి కూడా ఊపాను.

మర్నాడు ఆఫీసులో వీసాల పని చూసే ఈజిప్టు గుమాస్తా ఆ కాగితం విప్పి, తన దగ్గరున్న పాత కాగితాల పక్కన పెట్టి చూశాడు. ఆఫీసు కాగితాల మీద మేనేజరు సంతకం చీమ పాకినంత ఉండేది. ఇదేమో కాగితం ఈ అంచునుంచి ఆ అంచుకు గుర్రాల్లా పరిగెడుతోంది. చివర మెలిక, మెలికలో కోలబంతి బొమ్మ, కింద ఆట బనీను నంబరు. కంచెలు దూకిన పిల్లలకు పెట్టే సంతకం. పతకం రాని ఆ మహానుభావుడు పోతూ పోతూ కొట్టిన ఆఖరి గోలు అది.

"ఇది సంతకం కాదు, బొమ్మ," అన్నాడు గుమాస్తా. "మాఫీ." అరబ్బీలో లేదని అర్థం. పనికిరాదు, అంతే.

"మరి సార్ని అడిగి..." అన్నాడు బందరాయన.

గుమాస్తా కిటికీలోంచి ఆకాశంలోకి వేలు చూపించాడు.

నేను అనవలసినవన్నీ నాకు తెలిసిన అయిదు భాషల్లోనూ అన్నాను. బందరాయన కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో పెట్టి, నన్ను బయటే ఉండమని, ఒక్కడే మేనేజరు గది తలుపు తట్టాడు. కొత్త మేనేజరు, అంటే ఆ యువ ఇంజనీరు, మంచివాడని పేరు. గేటు దగ్గర బంతి తన్నేవాడు కాదు. బందరాయన వెళ్ళినంత తొందరగా బయటికి వచ్చాడు.

"ఏమన్నాడు?"

"ఎనక్కి తిరగమన్నాడు బ్రదర్."

ఆ శుక్రవారం అదే గులకనేల. ఛాంపియన్‌ది ముసలి మోకాలైతే ఇతనిది పాతికేళ్ళ మోకాలు, ఎద్దు కొమ్ములాంటిది. వెనకనుంచి దడదడమంటూ బూట్లు, గొంతు చించుకున్న అరుపు. బందరాయన కాలు ఒకటి తనంతట తానే పక్కకు లేవడం నేను చూశాను. మా వంటాయన అంచునుంచి, "నిలబడుకో రా నాయనా! మిక్సీ! మిక్సీని తల్చుకో!" అని కేకేశాడు. ఆ కాలు మళ్ళీ నేల మీదికి దిగింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మోకాలు వచ్చి మెడకూ భుజానికీ మధ్య దిగింది. ఎండుకొమ్మ విరిచిన చప్పుడు. పైనున్నవాడు బంతి పట్టుకున్నాడు. అందరూ పైకే చూశారు.

సంతకం శనివారమే అయింది. చీమంత సంతకం, నికార్సయినది. మాట తప్పని మనిషి అని ఆఫీసంతా మెచ్చుకుంది. ఉత్తముడూ మర్యాదస్తుడూ ఒకే మనిషిలో దొరికారు చివరికి. ఆ గునపానికే కొత్త ఫోటో వేలాడదీశారు. పైన నవ్వుతున్న మొహం. కింద ఒక వీపు.

బందరాయన మెడకు గట్టి పట్టీ వేశారు. తల అటూ ఇటూ తిరగదు, వంగదు, ఒళ్ళంతా తిప్పబోయినా మెడ పోటు పెట్టి ఆపేసేది. మూడు నెలలన్న డాక్టరు ఆరన్నాడు, తరవాత అలవాటవుతుందన్నాడు. వెల్డింగ్ ముసుగు ఆ పట్టీ మీద కూర్చోదు కాబట్టి ఫోర్‌మన్ పని తీసి స్టోర్ దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గింది. "పెండ్లాం వొచ్చేటప్పటికి మొగుడికి కాలరు తొడిగినారు," అని వంటాయన నవ్వించబోయాడు. ఆ ఒక్కసారే విల్లాలో ఎవరూ నవ్వలేదు. ఆయనే గబగబా వంటగదిలోకి పోయాడు.

ఆమె దిగే రోజు ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. బందరాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కమ్మీల ముందు నిలబడ్డాడు. జనం ట్రాలీలు తోసుకుంటూ వస్తున్నారు. వెనకనుంచి ఎవరో "యల్లా, యల్లా" అని తోశారు. ఎప్పటి అలవాటో, పక్కకు జరగబోయి, మెడ సహకరించక, అక్కడే గుంజలా ఉండిపోయాడు. తోసినవాడు తిట్టుకుంటూ చుట్టు తిరిగి పోయాడు.

ఆమె ఎదురు తలుపులోంచి రాలేదు. ఎవరో దారి తప్పించి పక్క తలుపులోంచి పంపారు. అతని కుడిపక్కన, రెండడుగుల దూరంలో వచ్చి నిలబడింది. సన్నటి మనిషి, చేతిలో ఆవకాయ డబ్బా, మొహంలో రెండేళ్ళ ఎదురుచూపు. నాకు కనబడుతోంది. అతనికి కనబడటం లేదు. అతను ఎదురుగా ఉన్న తలుపు వంకే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"ఏవండీ," అంది.

అతని భుజాలు ఉలిక్కిపడ్డాయి. తల కదల్లేదు.

"ఏవండీ, ఇటు చూడరేం? ఎవరిమీద కోపం?"

"కోపం కాదే," అన్నాడు ఎదురుగా ఉన్న తలుపుతోనే. "నేను తిరగలేను. నువ్వే ముందుకు రా."